పెద్దమ్మ చెయ్యి ఎక్కడికి వెళ్తుందో చూశాకే గోడకు డ్రిల్ పెట్టాం

పెద్దమ్మకు 80 దాటాయి. మోకాళ్ళ నొప్పులు పాతవే. కానీ ఈ మధ్య లేచి నిలబడగానే తూలుతోంది. డాక్టరుగారు బీపీని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూశారు. నిలబడగానే బీపీ పడిపోతోందన్నారు, మందులు మార్చారు. ఆ తర్వాత అడిగింది బాత్రూమ్ గురించే. "లోపల పట్టుకోవడానికి ఏముంది?" అన్నారు. మా బాత్రూమ్‌లో టవల్ రాడ్డు తప్ప ఏమీ లేదు.

వెంటనే నాలుగు గ్రాబ్ బార్లు (పట్టుకుని నిలబడటానికి గోడకు బిగించే కడ్డీలు) తెచ్చి బిగించేద్దామనే అనిపిస్తుంది ఎవరికైనా. వ్యాయామాలు నేర్పడానికి ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు ఆపింది. "ఇప్పుడే ఏమీ కొనొద్దు. ముందు ఆవిడ చేతులు ఎక్కడికి వెళ్తున్నాయో చూడండి" అంది. ఈ పనిలో నాకు దొరికిన అతి విలువైన సలహా ఇదే. మిగతావన్నీ దాని వెంట వచ్చాయి.

పెద్దమ్మను మామూలు బట్టల్లోనే, పొడిగా ఉన్న బాత్రూమ్‌లో, రోజూ ఎలా చేస్తుందో అలాగే ఒకసారి చేసి చూపించమన్నాం. లోపలికి రావడం, కమోడ్ దగ్గర వెనక్కి తిరగడం, కూర్చోవడం, లేవడం, స్నానం చేసే చోటికి నడవడం. నేను పక్కనే నిలబడి, ఆవిడ చెయ్యి వేసిన ప్రతి చోటా రంగు టేపు ముక్క అతికించాను. ద్వారబంధం, వాష్ బేసిన్ అంచు, ఫ్లష్ ట్యాంకు మూత, నల్లా, చివరికి ఆ టవల్ రాడ్డు. వీటిలో ఒక్కటి కూడా మనిషి బరువు మోయడానికి చేసింది కాదు. ఇన్నాళ్ళూ వాటినే నమ్ముకుని తిరిగిందని చూస్తుంటే గుండె గుభేలుమంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. కూర్చునేటప్పుడు, లేచేటప్పుడు పెద్దమ్మ దేన్నీ పట్టుకుని లాగదు, అరచేత్తో కిందికి నొక్కుతుంది. నొక్కి లేచే మనిషికి కమోడ్ పక్కన అడ్డంగా ఉండే ఆసరా కావాలి. గుమ్మం దగ్గర మాత్రం లోపలికి అడుగు వేసేటప్పుడు నిలువుగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. అందుకని అక్కడ నిలువు బార్. ఎత్తు విషయంలోనూ ఇంతే. సాధారణంగా పుస్తకాల్లో అడ్డ బార్‌కి నేల నుంచి 84 నుంచి 91 సెంటీమీటర్ల ఎత్తు రాసి ఉంటుంది. పెద్దమ్మ పొట్టి మనిషి. ఒక కర్రను గోడకు ఆనించి పైకీ కిందికీ జరుపుతూ "ఇక్కడా? ఇంకొంచెం కిందా?" అని అడిగి, ఆవిడ మోచెయ్యి కొద్దిగా వంగి హాయిగా నొక్కగలిగిన చోట గుర్తు పెట్టాం. ఆ కొలతల కంటే బాగా కిందికే వచ్చింది.

గోడల దగ్గర పని నెమ్మదించింది. షవర్ వైపు గోడ గట్టి ఇటుక గోడ. కమోడ్ పక్కది పల్చటి అడ్డుగోడ, వేలితో తడితే డొల్లగా మోగింది. డొల్ల గోడలో మామూలు ప్లగ్గు (స్క్రూ పట్టి ఉండటానికి రంధ్రంలో దించే గొట్టం), స్క్రూ వేసిన బార్ చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, మనిషి తూలి ఒక్కసారిగా బరువు వేసినప్పుడు గోడతో సహా ఊడి వస్తుంది. నేలకు బిగించే బార్ పెడదామని ప్లంబరు అన్నాడు. నేలకు రంధ్రాలు చేస్తే కింద వేసిన వాటర్‌ప్రూఫింగ్ పొర దెబ్బతింటుందని మేస్త్రీ వద్దన్నాడు. నాకు మేస్త్రీ మాటే సరైనదనిపించింది. కమోడ్ సీటు బోల్టులకే బిగుసుకుని, రెండు వైపులా చేతులున్న కుర్చీలాగా నిలబడే స్టీలు ఫ్రేము తీసుకున్నాం. పెద్దమ్మకు రెండు చేతులతో నొక్కి లేవడం ఇంకా తేలికైంది.

గట్టి గోడకు మాత్రం బార్లే బిగించాం. వాటి మందం 32 నుంచి 38 మిల్లీమీటర్ల మధ్య ఉంటే పిడికిలి సరిగ్గా మూసుకుంటుంది. గోడకూ బార్‌కూ మధ్య ఖాళీ 38 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. అంతకంటే ఎక్కువ ఉంటే జారినప్పుడు చెయ్యి ఆ సందులోకి దూరి ఇరుక్కుంటుంది. కనీసం 113 కిలోల బరువు తట్టుకునేవి అడిగి తీసుకోవాలి. అయినా బార్ బలం ఒక్కటే చాలదు, దాన్ని పట్టి ఉంచేది గోడ. బార్లు బిగించినతను టైల్ పగలకుండా గుర్తు మీద టేపు అతికించి, టైల్ దాటేదాకా డ్రిల్‌లో సుత్తిలా కొట్టే హ్యామర్ మోడ్ ఆపి ఉంచాడు. ప్లగ్గు పూర్తిగా ఇటుకలోకి దిగిందో లేదో చూసుకున్నాడు. రంధ్రాల్లో సిలికాన్ పూసి నీళ్ళు లోపలికి పోకుండా చేశాడు. అంతకుముందే నల్లా నుంచి షవర్‌కీ, గీజర్‌కీ గోడలో పైపులూ వైర్లూ ఎటు వెళ్తున్నాయో చూసి పెన్సిల్‌తో గీశాం. పని పూర్తయ్యాక పెద్దమ్మ కంటే ముందు ఇంట్లో బరువైన మనిషి ప్రతి బార్‌కీ వేలాడి చూశాడు.

గోడకు గాలి పీల్చుకుని అతుక్కునే సక్షన్ బార్లు కూడా దొరుకుతాయి, రంధ్రాలు అక్కర్లేదు. అవి వద్దని గట్టిగా చెప్తాను. తడికీ సబ్బుకీ పట్టు ఎప్పుడు వదులుతుందో మనకు తెలియదు. పట్టుకున్న మనిషికి అసలే తెలియదు.

కమోడ్ ఎత్తు గురించి కూడా ఆవిడనే కొలవాల్సి వచ్చింది. మామూలు కమోడ్ సీటు 38, 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, మోకాళ్ళ బలం తగ్గినవాళ్ళకు 43 నుంచి 48 దాకా ఉంటే లేవడం సులువు. కానీ మరీ పెంచితే పొట్టివాళ్ళ పాదాలు నేలకు ఆనవు, అది ఇంకో ప్రమాదం. మడమ నుంచి మోకాలి వెనక మడత దాకా కొలిచి, 5 సెంటీమీటర్లు పెంచే సీటు వేశాం. కింద క్లాంపుతో బిగుసుకునే రకం. ఊరికే పైన పెట్టేవి పక్కకి జరుగుతాయి.

నేల మొత్తం మార్చడం మాకు కుదరలేదు, ఎందుకంటే పెద్దమ్మకు బాత్రూమ్ రోజూ కావాలి. స్నానం చేసే భాగం వరకే పాత నున్నటి టైల్స్ తీసి, గరుకుగా ఉండే చిన్న టైల్స్ వేయించాం. చిన్నవైతే టైల్స్ మధ్య సందులు నింపే గ్రౌట్ గీతలు ఎక్కువ, పాదానికి పట్టు ఎక్కువ. నీళ్ళు బయటికి రాకుండా అక్కడ కట్టిన చిన్న గట్టును కూడా తీయించాం. గట్టు పోతే నీళ్ళు నిలుస్తాయేమోనని టెన్షన్ పడ్డాను కానీ, మేస్త్రీ మీటరుకు ఒకటిన్నర సెంటీమీటరు వాటం ఇచ్చి, రసమట్టంతో చూసి మరీ వేశాడు. నీళ్ళన్నీ జాలీలోకే పోతున్నాయి. అంచులు లేచే మ్యాట్లు తీసేశాం.

స్నానానికి వీపు, చేతులు ఉన్న కుర్చీ పెట్టి, కూర్చుని అందుకునే ఎత్తులో హ్యాండ్ షవర్ తగిలించాం. వేడినీళ్ళ సంగతి మాత్రం నిర్లక్ష్యం చేయకండి. 60 డిగ్రీల నీళ్ళు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి. పెద్దవాళ్ళ చర్మం పల్చన, చెయ్యి వెనక్కి తీసుకోవడం నెమ్మది. అలాగని గీజర్ ట్యాంకులో నీళ్ళు ఎప్పుడూ గోరువెచ్చగానే నిలవ ఉంచితే న్యుమోనియా తెచ్చే లీజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరగొచ్చు. అందుకే ట్యాంకులో వేడి తగ్గించకుండా, షవర్ దగ్గర చన్నీళ్ళు కలిపి వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాటిక్ వాల్వ్ పెట్టించాం.

వీటన్నిటికంటే ఎక్కువ మాట్లాడుకోవాల్సి వచ్చింది తలుపు గురించి. మా తలుపు లోపలికి తెరుచుకునేది. లోపల మనిషి తలుపుకు అడ్డంగా పడిపోతే, గడియ వెయ్యకపోయినా బయటి నుంచి తెరవలేం. కీలు మార్చి బయటికి తెరుచుకునేలా చేయించాం, దానికి పెద్దమ్మ ఏమీ అనలేదు. గడియ తీసేద్దామన్నప్పుడు మాత్రం ముఖం మారిపోయింది.

"తలుపు వేసుకోకుండా స్నానమేమిటే? నేనింకా మనిషినేగా" అంది.

నేను ఆ మాటకి జవాబు వెతుక్కోలేదు, ఆవిడ అన్నది నిజం కాబట్టి. రక్షణ పేరుతో మనం పెద్దవాళ్ళ దగ్గర్నుంచి చాలా తీసేసుకుంటాం. నడిచే చోటు, చేసే పని, తలుపు వేసుకునే హక్కు. లోపలి నుంచి మామూలుగా వేసుకోగలిగి, అవసరమైతే బయటి నుంచి నాణెంతో తిప్పి తెరవగలిగే లాక్ దొరికింది. బయటి నుంచి ఎలా తెరుస్తామో ఆవిడకే చూపించాం. "పిలిచినా పలక్కపోతేనే తెరుస్తాం పెద్దమ్మా" అన్నాను. "రెండుసార్లు పిలువు, చెవులు సరిగ్గా వినపడవు" అంది. ఇంట్లో అందరం ఆ మాట మీదే ఉన్నాం.

పిలుపు గంట కూడా పెట్టాం, దాని తాడు దాదాపు నేల దాకా వేలాడుతుంది. నిలబడితే అందే చోట ఉన్న స్విచ్ కింద పడ్డ మనిషికి ఎందుకు పనికొస్తుంది? మనిషి కదిలితే వెలిగే చిన్న లైటు మంచం దగ్గర ఒకటి, బాత్రూమ్‌లో ఒకటి. తెల్ల గోడ, తెల్ల నేల, తెల్ల కమోడ్ అన్నీ చూపు మందగించిన కళ్ళకు ఒకటిగా కలిసిపోతాయి కాబట్టి సీటు ముదురు నీలం రంగుది వేశాం. తేడా వెంటనే తెలిసిందని పెద్దమ్మే చెప్పింది.

వస్తువులన్నీ అమరినా, లేవగానే బీపీ పడిపోవడం ఎక్కడికీ పోదు. కాబట్టి రాత్రి మంచం అంచున కాసేపు కూర్చుని, పాదాలు ఆడించి, అప్పుడు లేవడం అలవాటు చేసుకుంది. కమోడ్ మీద నుంచి కూడా అంతే.

కుర్చీ కాళ్ళ రబ్బరు బుష్‌లు అరిగిపోతాయి, ఫ్రేము బోల్టులు వదులవుతాయి. నెలకోసారి చూసి బిగిస్తున్నాను. టైల్స్ మీద సబ్బు జిడ్డు పేరుకుంటే గరుకుతనం పోతుంది, అందుకే స్నానం అయిన వెంటనే కడిగేస్తున్నాం. మిగిలిపోయింది తలుపు వెడల్పు. వాకర్ పడుతోంది. చక్రాల కుర్చీ వస్తే 81 సెంటీమీటర్ల దాకా ఖాళీ కావాలి, మాకు అంత లేదు. గోడ కొట్టాల్సిన పని అది. ఆ అవసరం వచ్చినప్పుడు దాని గురించి కూడా పెద్దమ్మతో కూర్చునే మాట్లాడతాం.