లెడ్ జెపెలిన్ తొలి ఆల్బమ్: తొమ్మిది పాటల్ని వరుసలో పెట్టే పని, మూడో వారం

బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెపెలిన్ తొలి ఆల్బమ్ 1969 జనవరిలో అమెరికాలో విడుదలైంది. అందులోని తొమ్మిది పాటల్ని నాకు నచ్చిన వరుసలో పెట్టాలని మూడు వారాల కిందట కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా వింటున్నదే కదా, ఒక్క సాయంత్రంలో తేలిపోతుందనుకున్నాను. తేలలేదు. నోట్‌బుక్‌లో ఇప్పటికి మూడు వరుసలు ఉన్నాయి, ఏ రెండూ కలవడం లేదు.

ముందు వినే పద్ధతి చెప్తాను. ఆల్బమ్ మొత్తం సుమారు 45 నిమిషాలు. ఎల్‌పీ రికార్డులో మొదటి వైపు నాలుగు పాటలు, రెండో వైపు ఐదు. రోజుకు ఒక వైపే వింటున్నాను, రాత్రి పది దాటాక, వైరున్న హెడ్‌ఫోన్స్‌తో. ఫోన్‌లో బేస్ బూస్ట్ (మంద్ర స్వరాల్ని పెంచే సెట్టింగ్) తీసేశాను. అది ఉంటే జాన్ పాల్ జోన్స్ బేస్ గిటార్, జాన్ బోనమ్ బేస్ డ్రమ్ కలిసిపోయి ముద్దగా వినిపిస్తున్నాయి. పాటకూ పాటకూ మధ్య ఖాళీ రాకుండా చేసే సెట్టింగ్ కూడా ఆన్ చేసుకోవాలి. ఎందుకంటే 'యువర్ టైమ్ ఈజ్ గాన్నా కమ్' ఇంకా ముగుస్తూ ఉండగానే 'బ్లాక్ మౌంటెన్ సైడ్' మొదలవుతుంది. మొదటి వారం ఆ చోట చిన్న తెంపు వినిపిస్తే ఫైలు పాడైందేమో అనుకున్నాను.

వాల్యూమ్‌ను 'బేబ్ ఐయామ్ గాన్నా లీవ్ యు'తో కుదుర్చుకున్నాను. అందులో మెల్లని గిటార్ బాగా వినపడాలని సౌండ్ పెంచితే, అందరూ ఒక్కసారి అందుకునే చోట చెవులు నొప్పి పుడతాయి. అందుకని ఆ గట్టి చోటు చెవికి హాయిగా ఉండేంత పెట్టి, మెల్లని చోట్ల కోసం ఫ్యాన్ ఆపుకుంటున్నాను.

ప్రతి పాటా వారానికి మూడుసార్లు: ఒకసారి రాబర్ట్ ప్లాంట్ గొంతు మీదే దృష్టి, ఒకసారి జిమ్మీ పేజ్ గిటార్, ఒకసారి డ్రమ్స్. ప్రతిసారీ పదికి మార్కులు, మొత్తం 30. 'బ్లాక్ మౌంటెన్ సైడ్'లో పాడేవాళ్లే లేరు కాబట్టి దానికి 20కి వేసి, తర్వాత 30కి లెక్క కట్టాను.

మొదటి వారం 'డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్' అన్నిటికంటే పైన నిలిచింది. బేస్ గిటార్ ఒక్కో మెట్టూ దిగుతూ రావడం, మధ్యలో పేజ్ వయొలిన్ కమానుతో గిటార్ వాయించడం, చీకటి గదిలో వింటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఈ పాట మూలం జేక్ హోమ్స్ అనే గాయకుడిది. 1967లోనే ఆయన దీన్ని రికార్డు చేశాడు, ఈ ఆల్బమ్ మీద మాత్రం ఆయన పేరు లేదు. 2010లో ఆయన కోర్టుకు వెళ్లాకే, ఆయన స్ఫూర్తితో రాసినదన్న మాట తర్వాతి ముద్రణల్లో చేరింది. దీనికి మార్కులు తగ్గించాలా అని రెండు రోజులు ఆలోచించాను. తగ్గించలేదు, కానీ నోట్‌బుక్‌లో పాట పక్కన హోమ్స్ పేరు రాసుకున్నాను. 'బేబ్' పక్కన దాన్ని మొదట రాసిన యాన్ బ్రెడన్ పేరు, 'యు షుక్ మి', 'ఐ కాంట్ క్విట్ యు బేబీ' అనే రెండు బ్లూస్ (అమెరికా నల్లజాతీయుల సంగీత శైలి) పాటల పక్కన పాటల రచయిత విల్లీ డిక్సన్ పేరు కూడా చేరాయి. పాటల్ని వరుసలో పెట్టేవాడు ఆ మాత్రం చేయాలి.

రెండో వారం డ్రమ్స్ దగ్గర నా లెక్కంతా తారుమారైంది. చిన్నప్పుడు మూడేళ్లు మృదంగం నేర్చుకున్నాను. 'గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్' వింటూ తొడ మీద తాళం వేస్తుంటే ఒకచోట నా చెయ్యి తడబడింది. బోనమ్ అక్కడ తకిట, తకిట అని మూడేసి దెబ్బలు పడేలా వాయిస్తున్నాడు. నా చెవికి 'త' చేతిది, 'కిట' రెండూ కాలివి. అదీ ఒక్క పెడల్‌తో, ఒక్క కాలితో! ఇన్నేళ్లూ మూడు నిమిషాలు కూడా లేని ఆరంభపు పాట అని దాటేసిన దానికి డ్రమ్స్‌లో పదికి పది ఇచ్చాను. ఈ ఒక్క పాటనే ఆ వారం పదకొండుసార్లు విన్నాను.

ఆల్బమ్ అంతా 1968 శరదృతువులో లండన్ ఒలింపిక్ స్టూడియోలో మొత్తం సుమారు 36 గంటల స్టూడియో పనితో పూర్తయిందని పేజ్ చెప్పాడు. అంత త్వరగా అవ్వడానికి కారణం, అంతకుముందే స్కాండినేవియా దేశాల్లో ఈ పాటల్లో చాలావాటిని స్టేజీ మీద వాయించి వచ్చారు. డ్రమ్స్ మీదే చెవి పెట్టి వింటే ఆ సాధన తెలిసిపోతుంది.

మూడో వారం 'బ్లాక్ మౌంటెన్ సైడ్' వింటున్నప్పుడు అక్క గదిలోకి వచ్చింది. హెడ్‌ఫోన్స్ తనకిచ్చాను. పది సెకన్లు విని, "ఒరేయ్, ఇందులో తబలా ఏంట్రా?" అంది. వాయించింది వీరమ్ జసానీ. పేజ్ గిటార్ తీగల్ని డి-ఎ-డి-జి-ఎ-డి అని మార్చి శ్రుతి చేసుకున్నాడు, అందుకే కింది తీగలు తంబూరాలాగా మోగుతూ ఉంటాయి. వీణ నేర్చుకున్న అక్కకు అది వెంటనే పట్టుబడింది, మళ్లీ పెట్టమంది. నాకూ ఎంతో ఇష్టమే, అయినా రెండు నిమిషాలకే అయిపోతుంది, ఎక్కడికో వెళ్లబోతూ ఆగినట్టుంటుంది. ఆరో స్థానం దాటించలేకపోయాను.

ఇవాళ్టికి వరుస ఇలా ఉంది. 'గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్' 27, 'డేజ్డ్' 26, 'బేబ్' 25. నాలుగోది 'హౌ మెనీ మోర్ టైమ్స్', 23. ఎనిమిదిన్నర నిమిషాల పాటకు రేడియోవాళ్ల కోసం కవరు మీద మూడున్నర అని వేయించారు. 'కమ్యూనికేషన్ బ్రేక్‌డౌన్' 22, 'బ్లాక్ మౌంటెన్' 21, 'ఐ కాంట్ క్విట్ యు బేబీ' 20, 'యువర్ టైమ్' 18. చివర 'యు షుక్ మి' 17. గొంతూ గిటారూ ఒకే స్వరాన్ని వెంటాడే చోటు బాగుంటుంది కానీ పాట సాగదీసినట్టుంది.

పైన ఒక్క మార్కే తేడా. 'గుడ్ టైమ్స్' మొదటి పాట కాబట్టి చెవి తాజాగా ఉన్నప్పుడు వస్తుంది, 'డేజ్డ్' ఆ వైపు చివరిది. ఈ వారం ముందు 'డేజ్డ్' విని, పావుగంట ఆగి, తర్వాత 'గుడ్ టైమ్స్' వింటాను. మూడు రాత్రులు అలా, ఇంకో మూడు రాత్రులు తిరగేసి.