బరువు నార్మల్, పొటాషియం 2.7

బులీమియా అంటే అతిగా తినేసి, బరువు పెరుగుతామన్న భయంతో తరచూ కావాలని వాంతి చేసుకునే జబ్బు. అది ఉన్న ఒకరి రక్తపరీక్ష రిపోర్టులో పొటాషియం 2.7. ఉండాల్సింది 3.5 నుంచి 5 దాకా. పైన బరువు దగ్గర మాత్రం 'నార్మల్' అని టిక్కు.

ఆ టిక్కే మోసం. బులీమియా ఉన్నవాళ్లలో చాలామంది చూడ్డానికి సన్నగా ఉండరు.

వాంతితోనే పొటాషియం అంతా పోతుందనుకుంటాం గానీ, అందులో పోయేది కొంచెమే. కడుపులోని ఆమ్లం, నీళ్లు పోయేసరికి రక్తం క్షారంవైపు జరుగుతుంది. ఉన్న నీటినైనా కాపాడుకుందామని ఒంట్లో ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది. దాంతో కిడ్నీలే పొటాషియాన్ని మూత్రంలోకి తోసేస్తాయి. అందుకే తగ్గిన నీరు, ఉప్పు భర్తీ చేయకుండా ఉత్త పొటాషియం ఇస్తే అంకె ఓ పట్టాన కదలదు. మెగ్నీషియం తగ్గి ఉన్నా అంతే.

ఈ అంకెకి ఈసీజీ అదే రోజు తీయాలి. గుండె లయ తప్పడానికి ముందు కబురు పెట్టదు.

పళ్ల సంగతి చాలాసార్లు డెంటిస్టే ముందు పట్టుకుంటారు: పైపళ్ల లోపలివైపు ఎనామెల్ కరిగి ఉంటుంది. వాంతి అయిన వెంటనే బ్రష్ చేస్తే మెత్తబడ్డ పొర ఇంకా గీరుకుపోతుంది. నీళ్లతో పుక్కిలించి కాసేపు ఆగడం మేలు.

చెవుల కింద, దవడ దగ్గర ఉబ్బు కూడా ఉంది. లాలాజల గ్రంథుల వాపు అది. చూసినవాళ్లేమో "కాస్త ఒళ్లు చేసినట్టున్నావే" అంటారు.