సన్న గీత ఎక్కడ నిలబడుతుంది?

మొన్న ఒక మ్యాగజైన్ కవర్ చేస్తూ ఇంగ్లీష్ ఎన్ అక్షరాన్ని స్క్రీన్ నిండా పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. రెండు నిలువు గీతలూ వెంట్రుకంత సన్నం, మధ్యలో ఏటవాలు గీత ఒక్కటే దిట్టంగా దిగింది. ఫ్యాషన్ పత్రికల్లో, అత్తరు సీసాల మీద, నగల ప్రకటనల్లో మనం చూసే ఆ దర్జా అంతా ఈ లావు సన్నాల తేడా నుంచే వస్తుంది.

ఈ పద్ధతి 18వ శతాబ్దం చివర్లో స్థిరపడింది, పారిస్‌లో ఫిర్మిన్ డిడో, ఇటలీలోని పార్మాలో జంబాటిస్టా బొడోనీ అనే అచ్చు అక్షరాల రూపకర్తల చేతుల్లో. అప్పటికే చేతిరాతలో మొన సన్నగా ఉండి వంగే పాళీ వచ్చేసింది, కిందికి గీస్తూ నొక్కితే మొన విచ్చుకుని లావు గీత పడుతుంది, పైకి తేలిగ్గా లాగితే సన్న గీత. అచ్చులో ఆ సన్నదనం నిలవాలంటే కాగితం నున్నగా ఉండాలి, ఆ దారి వాళ్లకంటే ముందే ఇంగ్లండ్‌లో ముద్రాపకుడు జాన్ బాస్కర్‌విల్ వేసి పెట్టాడు.

నాకు ఈ విషయం బాగా తలకెక్కింది ఒక బ్రోచర్ పాడయ్యాక. హెడ్‌లైన్‌కి వాడిన డిస్‌ప్లే ఫాంట్‌నే, అంటే పెద్ద సైజు కోసం చేసిన అక్షరాల్నే, నల్లటి పేజీ మీద తెల్లగా, 8 పాయింట్ల చిన్న సైజులో ఫొటోల కింద వివరాలకీ పెట్టేశాను, స్క్రీన్ మీద జూమ్ చేసి చూస్తే అద్భుతంగా ఉంది. ప్రింటయి వచ్చాక చూస్తే చుట్టూ ఉన్న నల్ల ఇంకు పాకి సన్న గీతల్ని మింగేసింది, లావు గీతలు మాత్రం కిటికీ చువ్వల్లా మిగిలాయి. ఒక్క పేరు కూడా చదవలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సీసపు అచ్చుల కాలంలో ఒక్కో సైజుకీ అక్షరాన్ని విడిగా చెక్కేవారు, చిన్న సైజులో సన్న గీతను కాస్త లావు చేసేవారు. కంప్యూటర్‌లో ఒకే బొమ్మను సాగదీయడం మొదలయ్యాక చాలా ఫాంట్లలో ఆ జాగ్రత్త పోయింది. ఫ్యాషన్ పత్రిక హార్పర్స్ బజార్ 1992లో కొత్త రూపం తెచ్చుకున్నప్పుడు ఫాంట్ల రూపకర్త జోనథన్ హోఫ్లర్ ఆ పత్రిక కోసం చేసిన డిడో ఫాంట్‌లో 6 పాయింట్ల నుంచి 96 దాకా ఏడు సైజులకి ఏడు రకాల గీతలు ఉన్నాయి, అందుకే పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా కాగితం మీద సన్నదనం దాదాపు ఒకేలా కనిపిస్తుంది. ఎంత ఓపిక పట్టి ఉంటారో! ఇప్పుడు ఉచితంగా దొరికే బొడోనీ మోడా ఫాంట్‌లో కూడా ఆప్టికల్ సైజ్ సదుపాయం, అంటే సైజును బట్టి గీతల మందం మార్చే ఏర్పాటు, ఉంది, దయచేసి వాడండి.

లైన్ల మధ్య ఎంత ఖాళీ ఉండాలి అన్నది కంటికి వదిలేస్తాను, కానీ వెనక ఏముందో మాత్రం ప్రతిసారీ చూస్తాను. ఈ కవర్‌లో ఎన్ ఎడమ గీత మోడల్ జుట్టు మీద పడి కనబడకుండా పోతోంది. గీత లావు చేయడానికి మనసొప్పలేదు. ఫొటోనే కొంచెం కుడికి జరిపాను, ఇప్పుడు రెండు గీతలూ ఖాళీ గోడ మీద నిలబడ్డాయి.