పదేన వాచాం: యోగా నేర్పేవారి నోటికి ఒక ప్రార్థన

యోగేన చిత్తస్య పదేన వాచాం
మలం శరీరస్య చ వైద్యకేన
యోఽపాకరోత్తం ప్రవరం మునీనాం
పతంజలిం ప్రాంజలిరానతోఽస్మి

సాధనకు ముందు చాలాచోట్ల చదివే శ్లోకం ఇది. మనసు మలినాన్ని యోగంతో, మాట మలినాన్ని వ్యాకరణంతో, ఒంటి మలినాన్ని వైద్యంతో పోగొట్టిన పతంజలికి నమస్కారం అని భావం. యోగసూత్రాలు, వ్యాకరణ గ్రంథమైన మహాభాష్యం రాసింది ఒక్కరేనా అని పండితులు చర్చిస్తూనే ఉన్నారు. సంప్రదాయం మాత్రం ఒక్కరిగానే కొలుస్తుంది.

నర్సులు, ఫిజియోథెరపిస్టులు, డాక్టర్లు యోగా నేర్పే శిక్షణలో చేరినప్పుడు శరీరం గురించి ధీమాగా ఉంటారు, యోగం మీద శ్రద్ధ పెడతారు. ఎక్కువ సాధన కావలసింది మాత్రం వాక్కుకే.

కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనమే తీసుకోండి. "కాలివేళ్లు పట్టుకోండి" అన్నామా, చూపంతా వేళ్ల మీదకే పోతుంది. తొడ వెనక కండరాలు బిగుసుకున్నవారికి కటి ముందుకు తిరగదు. ఆ దూరం అందుకోవడానికి నడుము గూనిలా వంగి, ఒత్తిడంతా డిస్కుల మీద పడుతుంది. ఎముకలు పెళుసుబారిన పెద్దవాళ్లకైతే వెన్నుపూస నలిగే ప్రమాదమూ ఉంది. "మడిచిన దుప్పటి అంచున కూర్చోండి. మోకాళ్లు కాస్త వంచండి. పొట్టను తొడల వైపు తీసుకెళ్లండి. ఊపిరి బిగుసుకుంటే అక్కడే ఆగండి" అని ఒక్కొక్కటే చెప్పాలి. ఒకటి చేశాకే రెండోది. మొదట కూర్చునే తీరు, తర్వాత కదలిక, చివర శ్వాస.

ఒక్కో ముక్కురంధ్రంతో మార్చి మార్చి ఊపిరి తీసే నాడీశోధనలో నేర్పేవారు తమ ఊపిరితో లెక్క పెట్టడం మరో పొరపాటు. కొత్తవారికి నాలుగు లెక్కల పూరకం (ఊపిరి తీసుకోవడం), ఆరు లెక్కల రేచకం (వదలడం) చాలు, కుంభకం (బిగబట్టడం) వద్దు. భుజాలు లేస్తున్నా, రేచకం చివర గబుక్కున గాలి పీలుస్తున్నా లెక్క ఎక్కువైనట్టే. మూడు, నాలుగుకు దించాలి.

అడగడంలోనూ వాక్శుద్ధి ఉంది. "మీకేమైనా జబ్బులున్నాయా?" అంటే బీపీ అదుపులో ఉన్నవారు లేదనే చెబుతారు. "రోజూ ఏ మాత్రలు వేసుకుంటారు? కంట్లో చుక్కలు వేసుకుంటారా? ఇన్సులిన్ ఉందా?" అని అడిగితే సంగతి బయటపడుతుంది. గ్లకోమాకు (కంటి నరం దెబ్బతినే జబ్బు) వేసే చుక్కలైతే శీర్షాసనం, సర్వాంగాసనం వద్దు, తలకిందులైతే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. ఇన్సులిన్ తీసుకునేవారికి పరగడుపున సాధన చేస్తే షుగర్ పడిపోవచ్చు. బీపీ మాత్రలు వాడేవారు శవాసనం నుంచి చటుక్కున లేస్తే కళ్లు తిరగొచ్చు. పక్కకు తిరిగి, కాసేపు కూర్చుని లేవమనాలి.

వైద్యవృత్తి నుంచి వెంట వచ్చే మలినం ఇంకొకటుంది: భయపెట్టే మాట. "మీ డిస్కు అరిగింది, వంగితే అంతే" అంటే ఆ మనిషి చెప్పులు వేసుకోవడానికి వంగేటప్పుడు కూడా ఊపిరి బిగబడతాడు. యోగంలో మొదటి మెట్టయిన ఐదు కట్టుబాట్లు, యమాల్లో అహింస తర్వాతే సత్యం వస్తుంది. మాట ప్రాణుల మేలు కోసమే పుట్టాలనీ, హాని చేసేదైతే అది సత్యం కాదనీ యోగసూత్రాలకు వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం చెబుతుంది.

భయపెట్టే మాట కన్నా ప్రమాదకరమైనది ఆశపెట్టే మాట. "ఇది చేస్తే థైరాయిడ్ పోతుంది, షుగర్ మాత్ర మానేయొచ్చు" అని వైద్యం తెలిసినవారి నోట వింటే జనం నిజంగానే మానేస్తారు. సాధన చేయమనండి, బీపీ, షుగర్ కొలిపించుకుని రాసిపెట్టుకోమనండి, ఆ కాగితం వాళ్ల డాక్టరుకు చూపించమనండి. మాత్ర తగ్గించాలో వద్దో అక్కడ తేలాలి.