సర్కారు బోటులో నీల్, హావ్‌లాక్

అండమాన్‌లో తక్కువ ఖర్చుతో దీవి నుంచి దీవికి తిరగాలనుకునేవాళ్లు చాలామంది ముందు చవక గదుల కోసం వెతుకుతారు. వెతకాల్సింది బోటు టికెట్ కోసం. అది దొరికిన రోజును బట్టే మిగతా ప్రయాణమంతా కుదురుతుంది.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది కానీ, మేం ఎక్కిన ఆటోల్లో అందరూ పాత పేరే అన్నారు. హావ్‌లాక్, నీల్ దీవులు కూడా 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్. ప్రైవేటు బోటు గంటన్నరలో హావ్‌లాక్ చేరుస్తుంది, లోపలంతా ఏసీ. సర్కారు బోటుకు రెండున్నర గంటలు పడుతుంది, టికెట్ మాత్రం ప్రైవేటు దాంట్లో సగం కూడా ఉండదు. స్థానికులకు రేటు ఇంకా తక్కువ. ఆస్పత్రికైనా, ఆఫీసు పనికైనా వాళ్లకు అదే బస్సు లాంటిది మరి. కౌంటర్ దగ్గర వాళ్లను చూశాక, మనకు సీటు దొరక్కపోతే గొణగడానికి నోరు రాదు.

ఇద్దరం వెళ్లడంలో ఉన్న సుఖం అక్కడే తెలిసింది. ఆధార్ కార్డులు రెండూ పట్టుకుని నేను క్యూలో నిలబడితే, మా ఆయన సామాన్లతో నీడలో కూర్చున్నారు. "నువ్వయితే బాగా మాట్లాడతావు" అని పొగిడి మరీ పంపారు. రెండు సీట్లే కాబట్టి పని అయింది. వెనకాల పెద్ద కుటుంబంతో వచ్చినవాళ్లకు ఆ బోటులో అందరికీ కలిపి దొరకలేదు.

సర్కారు బోటులో నాకు నచ్చింది డెక్ మీద నిలబడనివ్వడం. పక్కన బియ్యం బస్తాలు, ఎవరిదో ఫ్యాను డబ్బా, బుట్టలో కోడిపిల్లలు. నీళ్ల మీంచి ఎగిరే చేపలు గుంపులుగా లేచి పడుతుంటే మా ఆయన్ని పిలిచాను. ఆయన వాంతుల మాత్ర వేసుకుని, బోటు మధ్యలో కింది అంతస్తులో కళ్లు మూసుకుని కూర్చున్నారు. "చేపల్ని తర్వాత చూస్తాలే" అన్నారు. ఊపు తక్కువగా ఉండేది అక్కడే, కాబట్టి కడుపు తిప్పేవాళ్లు ఆయన్నే అనుసరించడం మంచిది.

ముందు నీల్ వెళ్లాం. చిన్న దీవి, చాలావరకు చదునుగా ఉంటుంది. అద్దె సైకిళ్లు రెండు తీసుకుంటే ఇక ఆటో ఖర్చే లేదు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊళ్లు ఇవి: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. అండమాన్‌కు కూరగాయలు పండించే దీవి అని దీనికి పేరు. దారికి రెండు పక్కలా వంకాయ, బీర మళ్లే. బజారులో ఒక చిన్న పూటకూళ్ల ఇంట్లో అన్నం, పప్పు, రెండు కూరలు, చేప ముక్క పెట్టారు. రిసార్టుల మెనూ అక్కర్లేదనిపించింది.

నీల్‌లో గడియారం కంటే ఆటుపోట్లే ముఖ్యం. లక్ష్మణ్‌పూర్ దగ్గర సహజంగా ఏర్పడ్డ రాతి వంతెన చూడాలంటే సముద్రం వెనక్కి తగ్గాలి. అప్పుడు రాళ్ల మధ్య మడుగుల్లో సముద్ర దోసకాయలనే మెత్తటి జీవులు, నక్షత్ర చేపలు కనిపిస్తాయి. పాచికి కాలు జారుతుంది, చెప్పులు పట్టున్నవి కావాలి. భరత్‌పూర్ బీచ్‌లో దీనికి తలకిందులు. నీళ్లు తగ్గితే ఈత కుదరదు, పగడాలు కాళ్లకు తగులుతాయి. ఆటు వేళ రోజుకు దాదాపు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. గది యజమానిని అడిగితే మరుసటి రోజు వేళ చెప్పేశాడు, మా ఫోన్లో వెతకాల్సిన పనే లేకపోయింది.

పొద్దు సంగతి కూడా చెప్పాలి. మన గడియారాలు కాకినాడ మీదుగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తాయి. నీల్ దానికి పదిన్నర డిగ్రీలు తూర్పున ఉంది, అంటే అక్కడ పొద్దు నలభై నిమిషాలు ముందే. జనవరిలో ఐదున్నరకల్లా సూర్యుడు మునిగిపోతాడు. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీసి బయల్దేరితే చీకటే చూడాలి.

హావ్‌లాక్ పెద్దది, ఖరీదూ ఎక్కువే. జెట్టీ నుంచి రాధానగర్ బీచ్ దాదాపు 12 కిలోమీటర్లు, ఎత్తుపల్లాల దారి, సైకిల్ మీద వద్దు. బస్సుంది, కానీ తిరుగు బస్సు వేళ కనుక్కోకుండా ఎక్కకూడదు. ఇద్దరికీ ఒక స్కూటీ చాలు, మేం అదే చేశాం. రాధానగర్ గురించి గొప్పగా విని వెళ్లినవాళ్లకు కూడా నిరాశ కలగదు. 2020లో మన రుషికొండతో పాటే దీనికీ, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. రుషికొండ మీద ఎంత అభిమానమున్నా, పోలిక పెట్టను. మొసళ్ల హెచ్చరిక బోర్డులు చూసి నవ్వకండి. 2010లో ఇక్కడే ఒక పర్యాటకురాలు ఉప్పునీటి మొసలికి బలైంది. లైఫ్‌గార్డు విజిల్ వేస్తే బయటికి రావాల్సిందే.

డబ్బు దాచుకోకుండా పెట్టింది ఒక్క ఎలిఫెంట్ బీచ్ మీదే. బోటులో వెళ్లి స్నార్కెలింగ్ చేశాం, అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్లలోకి చూడటం. ఈత రాని మా ఆయన ట్యూబు పట్టుకుని నీళ్లలో తల పెట్టి, ఎంతకీ లేవకపోతే నాకు టెన్షన్. లేచాక "చిలక చేప, చిలక చేప" అని ఒకటే మాట. బోటు మీద చూడనన్న చేపల బాకీ తీరిపోయింది.

తిరుగు రోజు గాలి ఎక్కువగా ఉందని ఉదయం బోటు రద్దు చేశారు. ఆ సాయంత్రమే విమానం ఉన్నవాళ్లు జెట్టీ దగ్గర ఫోన్లు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆఖరి దీవికీ విమానానికీ మధ్య పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఖాళీ రోజు ఉంచుకోవాలని మాకు ముందే ఒక స్నేహితురాలు చెప్పింది. మధ్యాహ్నం బోటు కదిలింది. మర్నాడు సెల్యులార్ జైలు చూశాం, ఏడు విభాగాల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. సాయంత్రం అబర్డీన్ బజారులో చీరల దుకాణాయన మా మాటలు విని, "ఏ ఊరండీ మనది?" అని తెలుగులో అడిగాడు. బేరం మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు.