వేడెక్కితే ఆగిపోయే పడవ మోటారు

2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పటి నుంచి సూళ్లూరుపేట, తడ ప్రాంతాలతో పాటు పులికాట్ సరస్సులో మన రాష్ట్రపు భాగం తిరుపతి జిల్లా కిందికి వచ్చింది. ఆ సరస్సులో పడవ నడుపుకొనే మా చిన్నాన్న కొడుకు ఈ మధ్య పడవ వెనక తగిలించే తన పాత అవుట్‌బోర్డ్ మోటారును ట్రాలీ ఆటోలో వేసుకుని తిరుపతిలోని మా ఇంటికి తెచ్చాడు. అది రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ మోటారు. తాడు లాగి స్టార్ట్ చేయాలి, బ్యాటరీ లేదు. చల్లగా ఉన్నప్పుడు వెంటనే అందుకుంటుంది, కాసేపు నడిచాక ఒక సిలిండర్ పని మానేస్తుంది, ఆపితే పూర్తిగా చల్లబడేదాకా మళ్లీ స్టార్ట్ కాదు. అప్పటికే ఎవరో మెకానిక్ ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్లు అన్నీ కొత్తవి వేశాడు. డబ్బు ఖర్చయింది కానీ జబ్బు అలాగే ఉంది.

“అన్నా, కార్బురేటర్ కూడా మార్చేద్దామా?” అని అడిగాడు. వద్దన్నాను. కరెంటు ఏ భాగం దగ్గర తప్పిపోతోందో రుజువు కాకముందే సామాను కొనడం వల్ల జేబు తేలికవడమే కాదు, ఒక్కోసారి పాత లోపం మీద కొత్త లోపం వచ్చి చేరుతుంది కూడా.

బ్యాటరీ లేకుండానే స్పార్క్ పుట్టించే దీని మాగ్నెటో ఏర్పాటు, పాత మోపెడ్లు, స్కూటర్లు విప్పిన చేతులకు కొత్తేమీ కాదు. ఫ్లైవీల్ లోపలి అయస్కాంతాలు తిరుగుతుంటే దాని కింది ప్లేటు మీద ఉన్న కాయిల్‌లో కరెంటు పుడుతుంది. ఈ మోటారులో పాయింట్లు, అంటే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చిన్న లోహపు మొనలు, మూసుకుని ఉన్నంతసేపు ఆ కరెంటు ఎర్తులోకి పోతుంది. అవి విడిపోయిన క్షణంలో పక్కన బిగించిన ఇగ్నిషన్ కాయిల్‌లోకి మళ్లి, అక్కడ వేల వోల్టులుగా పెరిగి ప్లగ్గుకు చేరుతుంది. పాయింట్ల మీద మంట రేగకుండా కండెన్సర్ కాపాడుతుంది. ఒక్కో సిలిండర్‌కు ఇవన్నీ ఒక్కో సెట్టు చొప్పున విడిగా ఉండడమే మన అదృష్టం, ఎందుకంటే పాడైన భాగాన్ని పోల్చి చూడడానికి బాగున్న భాగం పక్కనే ఉంటుంది.

ముందుగా కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్‌లో వచ్చే ఒత్తిడి, చూశాము. రెండు సిలిండర్ల రీడింగులు దాదాపు సమానంగా ఉన్నాయి కనుక పిస్టన్లను, రింగులను అనుమానించనవసరం లేదు. ఆగిపోయిన సిలిండర్ ప్లగ్గు పెట్రోలుతో తడిసి ఉంది. అంటే ఇంధనం అందుతోంది, అంటుకోవడమే లేదు. కార్బురేటర్ మాట అక్కడితో ముగిసింది.

ప్లగ్గును విప్పి ఇంజను ఒంటికి ఆనించి, స్పార్క్ వస్తోంది కనుక కరెంటు బాగానే ఉందనుకోవడం చాలా చోట్ల చూస్తాను. నాకు ఆ పరీక్ష మీద నమ్మకం లేదు. ప్లగ్గు మొనల మధ్య ఖాళీ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, బయటి గాలిలో ఆ ఖాళీని బలహీనమైన కరెంటైనా దూకుతుంది. సిలిండర్ లోపల ఒత్తిడిలో అదే దూకలేక చతికిలబడుతుంది. అందుకని ఖాళీని పెంచుకోగలిగే స్పార్క్ టెస్టర్ వాడాలి. పాయింట్లున్న ఇలాంటి మాగ్నెటోలో సుమారు 6 మిల్లీమీటర్ల ఖాళీని నీలిరంగు స్పార్క్ టప్పుమంటూ దాటాలి. టెస్టర్‌ను ఎర్తుకు గట్టిగా కలపాలి, పెట్రోలు డబ్బాను దూరంగా పెట్టాలి, ప్లగ్గు రంధ్రాల నుంచి వచ్చే ఆవిరి దగ్గర స్పార్క్ పడకుండా చూసుకోవాలి. తాడును మెల్లగా లాగితే బాగున్న మాగ్నెటో కూడా కరెంటు ఇవ్వదు కనుక పూర్తి వేగంతో లాగాలి.

తరువాత ఇంజను ఆపే స్విచ్చి వైరు. ఆ స్విచ్చి చేసే పనే కరెంటును ఎర్తుకు కలపడం కాబట్టి, ఉప్పుగాలికి లోపల తుప్పు పట్టినా, వైరు పైతొడుగు చిట్లినా, ఎవరూ నొక్కకుండానే అది తన పని చేసేస్తుంది. దాన్ని విడదీయడానికి నిమిషం చాలు, పైసా ఖర్చు లేదు. మా మోటారులో తేడా రాలేదు. ఫ్లైవీల్‌ను పుల్లర్‌తో లేపి పాయింట్లు కూడా చూశాను. చాలా మోటార్లలో ఈ గ్యాప్ 0.35 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, ఖచ్చితమైన అంకె ఆ మోటారు పుస్తకంలోనిదే. కొత్త పాయింట్ల మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెపొర అలాగే ఉంటే తుడిచేయాలి, ఆకురాయితో మాత్రం రుద్దకూడదు. ఫ్లైవీల్‌ను షాఫ్టు మీద సరైన చోట పట్టి ఉంచే కీ తెగలేదు. అంతా సరిగ్గానే ఉంది.

మిగిలింది వేడి. పెరట్లో పెద్ద డ్రమ్ము నిండా నీళ్లు పోసి, నీరు తోడుకునే రంధ్రాలు బాగా మునిగేలా మోటారును బిగించి నడిపాము. నీళ్లు లేకుండా నడిపితే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ కొద్దిసేపట్లోనే పాడవుతుంది. వేడెక్కాక పై సిలిండర్ ఎప్పటిలాగే ఆగింది. వెంటనే టెస్టర్ పెడితే పైదానికి స్పార్క్ లేదు, కిందిదానికి ఉంది. అప్పుడు రెండు ఇగ్నిషన్ కాయిల్స్‌ను పైది కిందికి, కిందిది పైకి మార్చి బిగించి మళ్లీ వేడెక్కేదాకా నడిపితే, ఈసారి ఆగింది కింది సిలిండర్! లోపం కాయిల్ వెంటే కదిలింది. అది పై సిలిండర్‌లోనే మిగిలిపోయి ఉంటే పాయింట్లు, కండెన్సర్, ఫ్లైవీల్ కింది కాయిల్, వాటి వైర్లలో వెతకాల్సి వచ్చేది. వందల రూపాయల సామాను చెప్పలేని సంగతిని ఒక్క స్పానర్ చెప్పింది.

ఆ కాయిల్‌ను చల్లారనిచ్చి పాత ముల్లు మీటరుతో కొలిస్తే ప్లగ్గుకు కరెంటు పంపే సెకండరీ చుట్ట కొన్ని వేల ఓములు, రెండో కాయిల్‌తో సమానంగా చూపింది. చల్లగా ఉండగా మాత్రమే కొలిచిన మెకానిక్ ఎవరైనా దానిని మంచిదనే అంటాడు. హెయిర్ డ్రయ్యర్‌తో నిదానంగా వేడిచేస్తూ ముల్లు వైపే చూశాము. కొంతసేపు కదలలేదు, తరువాత వణికింది, ఉన్నట్టుండి అనంతం వైపు పడిపోయింది. డ్రయ్యర్ ఆపి కాసేపు ఆగితే తిరిగి పాత చోటికే వచ్చింది. లోపల వెంట్రుకంత సన్నని తీగ ఎక్కడో తెగి ఉంది. చల్లగా ఉన్నప్పుడు కొసలు తాకుతున్నాయి, వేడికి వ్యాకోచించగానే విడిపోతున్నాయి. మా వాడు ఆ డ్రయ్యర్‌ను తీసుకుని తానే మరోసారి చేసి చూసుకున్నాడు.

కొత్త కాయిల్ బిగించే ముందు, దాని ఎర్తు బోల్టు కింద పేరుకున్న తెల్లటి పొక్కును లోహం మెరిసేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు పూశాము. డ్రమ్ములో మోటారుకు పడవ బరువు ఉండదు కనుక అక్కడ నడిచినంత మాత్రాన తృప్తి పడకుండా, సరస్సులో వలలతో, మనుషులతో నిండు పడవను పూర్తి వేగంతో బాగా వేడెక్కేదాకా నడిపి చూడమని చెప్పాను. అలాగే నడిపాడు, ఆగలేదు. రెండో కాయిల్ కూడా అదే వయసుది కాబట్టి, ఈసారి చేపలు అమ్మిన డబ్బు చేతికి రాగానే ఇంకొకటి కొని, నీళ్లు చొరని డబ్బాలో ప్లగ్గు స్పానర్‌తో పాటు పడవలోనే ఉంచుకోమన్నాను.