తిరగేసిన గేర్‌బాక్సు

నీస్ నుంచి మొనాకోకి రైల్లో అరగంట కూడా పట్టదు. ఆ కాస్త సేపూ తలుపుకి అతుక్కుని నిలబడే వెళ్లాను. 2024 మే నెల, రెండేళ్లకోసారి పాతకాలపు రేసు కార్లతో జరిగే హిస్టారిక్ గ్రాండ్ ప్రి. దిగితే స్టేషనంతా కొండ కడుపులో ఉంది, బయటపడే దారి వెతుక్కోవడానికే ఇంకో పావుగంట. రేవు పక్కన బుల్లి కప్పు కాఫీకి లాగిన డబ్బుతో బెజవాడలో ఇద్దరు భోంచేసి కిళ్లీ కూడా వేసుకోవచ్చు. ఆ చిరాకుతోనే కార్లు నిలిపే పాడక్‌లోకి నడిచాను.

అక్కడ ముక్కుకి తగిలింది గేర్ ఆయిల్ వాసన. మా నాన్న ముప్పయ్యేళ్లు ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సులు విప్పారు. ఆయన చొక్కాలు అమ్మ విడిగా నానబెట్టేది.

ఓ 1970ల నాటి కారు వెనక మెకానిక్ కింద కూర్చుని ఉన్నాడు. ఆ కాలం కార్లు చాలావాటికి ఇంజన్ కాస్వర్త్ కంపెనీ డిఎఫ్‌వి, గేర్‌బాక్సు హ్యూలాండ్ కంపెనీది. 1967లో నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో దిగిన మొదటి రేసులోనే డ్రైవర్ జిమ్ క్లార్క్‌ని గెలిపించిన ఇంజన్ డిఎఫ్‌వి. దాని కింద ఛాసీ ఉండదు. డ్రైవర్ కూర్చునే తొట్టికి నాలుగు చోట్ల బిగిస్తారు, అంతే. వెనక సస్పెన్షన్ భారమంతా ఇంజనూ గేర్‌బాక్సూ మోసుకోవాల్సిందే.

నేను నోరెళ్లబెట్టింది మాత్రం గేర్ల దగ్గర. లారీకైతే జాయింట్ విప్పి, చైన్ కప్పీ వేసి, ఇద్దరు పట్టుకుని బాక్సు దించాలి. ఒక పూట పోతుంది. ఇక్కడ బాక్సు కారు తోకలోనే ఉంది. వెనక మూత నట్లు విప్పి లాగాడు, ఆంజనేయస్వామి మెళ్లో గారెల్లా గేర్లన్నీ వరసగా బయటపడ్డాయి. ఒక్కో జత మీద పళ్ల లెక్క చెక్కి ఉంది. మొనాకోలో రోడ్డు ఇరుకు, మలుపులెక్కువ, కాబట్టి టాప్ స్పీడు తగ్గినా చురుగ్గా లాగే పొట్టి గేర్లు. ఇటలీలో మోంజా లాంటి వేగం ట్రాక్‌కి వెళ్తే పొడుగువి. గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపి మెత్తగా పడేలా చేసే సింక్రోలు అసలే లేవు. ఖాళీ మూత నా చేతిలో పెట్టాడు. ఆ సైజు పోత ఇనుమైతే నడుం వంచి ఎత్తాలి. ఇది మెగ్నీషియం, ఒంటి చేత్తో పట్టుకున్నాను.

మాటల్లో అతను ఇంకోటి చెప్పాడు. మైక్ హ్యూలాండ్ 1960ల మొదట్లో చిన్న రేసు కార్లకి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ గేర్‌బాక్సు పెట్టెనే తలకిందులు చేసి వాడాడట. బీటిల్‌లో ఇంజన్ ఇరుసుకి వెనక, రేసు కారులో ముందు. ఊరికే అటుదిటు తిప్పి పెడితే నాలుగు రివర్స్ గేర్లు, ఒక్క ముందు గేరు వస్తాయి. బోర్లిస్తే లెక్క సరిపోయింది! నాకు నవ్వాగలేదు. అచ్చం మా ఆటోనగర్ బుర్ర. కాకపోతే ఆయన పేరు మీద కంపెనీ నిలబడింది, మావాళ్లకి టీ డబ్బులు మిగిలాయి.

ఈలోపు ఒక రేసు అయిపోయింది. మేడల మధ్య మోత వినడమే గానీ ఒక్క కారూ కంటపడలేదు. టికెట్ రేటు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మర్నాడు పొద్దున నాన్నకి ఫోన్ చేసి, తీసిన వీడియో పంపాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశారట.

"అంతా బాగుంది గానీ, మూత బిగించేటప్పుడు కొత్త ప్యాకింగ్ వేశాడా, పాతదేనా?"

అది నేను చూడలేదు.